ఎండబెట్టకూడని మట్టి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం తెచ్చుకునే ధైర్యం ఒక్క మా పెద్దత్తకే ఉండేది. మిగతా అందరం తలవంచుకుని బతికేవాళ్ళం. మా నాన్న మున్సిపాలిటీలో కాలవలు తీసే పని చేసేవాడు. అమ్మ మెటియాబ్రుజ్‌లో దర్జీల దగ్గర చొక్కాలకి గుండీలు కుట్టేది. ఎవరేమన్నా "సరే బాబూ" అనేసి ఇంటికొచ్చి అన్నం తినడం మాకు అలవాటు. పెద్దత్త మా నాన్నకి అక్క. మొగుడు పోయాక శ్రీకాకుళం వైపు నుంచి బెంగాలులో ఉన్న తమ్ముడి పంచకి చేరింది. ఆవిడకి మాత్రం ఆ అలవాటు అబ్బలేదు. రేషను షాపులో తూకం తేడా వస్తే వెనక వరస అంతా గోల పెడుతున్నా కదిలేది కాదు. పక్కన నిలబడ్డ నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఆ సిగ్గు తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన మొదటి సంవత్సరాలవి. మా వీధి గోడల నిండా కూలివాడిదే రాజ్యమని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుండేది. మా అత్త కూలిదే. గంగ ఒడ్డున ఒక చెట్ల నర్సరీలో రోజుకూలీగా సంచుల్లో మట్టి నింపడం, నీళ్ళు పోయడం, కలుపు తీయడం ఆవిడ పని. ఆ నర్సరీ ఎవరిదో చెప్పను. బడి వదిలాక నేను నేరుగా అక్కడికే పోయేదాన్ని. బడిలో నాది బెంగాలీ చదువు. నర్సరీలో మొక్కల మధ్య కూర్చుని అత్త నాకు వేలితో మట్టి మీద తెలుగు అక్షరాలు రాసి చూపించేది. ఈ నాలుగు ముక్కలూ నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పుణ్యమే.

ఆ రోజుల్లో పడమటి జిల్లాల్లో నరికేసిన అడవుల్ని మళ్ళీ పెంచాలని, మా నర్సరీకి శాల్ మొక్కల పని అప్పజెప్పారు. బెంగాలీ వాళ్ళు శాల్ అనేదాన్ని మనం గుగ్గిలం చెట్టు అంటాం. వానలు మొదలయ్యే ముందు గింజలు గోనెసంచుల్లో వచ్చాయి. గంగ ఒండ్రు మట్టిలో నాటితే వారంలో మొలిచాయి. అందరూ సంతోషించారు. తరవాత రెండేసి ఆకులు వేసి అక్కడే ఆగిపోయాయి. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. చలికాలం వచ్చేసరికి మడులకు మడులు ఎండిపోయాయి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఒకరు, మిల్లుల పొగ అని ఒకరు అన్నారు. ఎరువు వేశారు, అయినా చచ్చాయి.

మా అత్త మాత్రం వాటి వేళ్ళు కడిగి చూసి, "ఈటికి తోడు నేదు, అందుకే బతకనేదు" అంది.

ఆవిడ మెట్టినూరు సీతంపేట కొండల దిగువన. అక్కడ గుగ్గిలం చెట్లుండేవి. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక సవర ముసలమ్మతో కలిసి ఆ చెట్ల కింద పుట్టగొడుగులు ఏరేదట. అడవిలోంచి గుగ్గిలం మొక్కని ఎక్కడికి తీసుకుపోయినా, పెద్ద చెట్టు మొదట్లో మట్టి కూడా గుప్పెడు తీసుకుపోవాలని, లేకపోతే మొక్క బతకదని ఆ ముసలమ్మ చెప్పిందట. ఎందుకని అత్త అడిగితే, వేళ్ళకి అల్లుకుని ఉండే తెల్లదారాలు చూపించిందట.

మరుసటి ఏడు మళ్ళీ గింజలొచ్చాయి. రథయాత్రకి బడికీ నర్సరీకీ కూడా సెలవు. ఆ పొద్దున్నే అత్త రెండు గోనెసంచులు చంకలో పెట్టుకుని నన్ను లేపింది. "రా, దారిలో బెంగాలీ మాటాడ్డానికి నువ్వుండాల" అంది. రేవులో పడవెక్కి గంగ దాటాం. అవతల బస్సు పట్టుకుని సంత్రాగాఛి చేరి, పడమటి వైపు పోయే పాసింజరు ఎక్కాం. మూడు నాలుగు గంటలు ప్రయాణం చేశాక కిటికీ బయట నేల ఎర్రబడింది. ఆ తరవాత అడవి మొదలైంది. నేను పుట్టి బుద్ధెరిగాక అన్ని చెట్లు ఒక్కచోట చూడ్డం అదే మొదటిసారి.

చిన్న స్టేషన్లో దిగి నడిచాం. ముందురోజు వాన పడినట్టుంది, ఆకులు ఇంకా తడిగానే ఉన్నాయి. సంతాల్ గిరిజన ఆడవాళ్ళు నలుగురైదుగురు బుట్టలు పట్టుకుని చెట్ల కింద నేలని పుల్లలతో గీకుతున్నారు. గోళీకాయలంత గుండ్రటి పుట్టగొడుగులు మట్టిలోంచి బయటపడుతున్నాయి. అత్తకి వాళ్ళ భాష రాదు, వాళ్ళకి మా భాష రాదు. నా బెంగాలీ కూడా అంతగా పనికిరాలేదు. అత్త ఒక పుట్టగొడుగుని వేలితో చూపించి, చెట్టు వేరుని చూపించి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకుంది. వాళ్ళలో పెద్దావిడ పకపకా నవ్వింది. అత్త చెయ్యి పట్టుకుని ఒక లావుపాటి చెట్టు దగ్గరికి తీసుకుపోయి, ఆకులు పక్కకి తోసింది.

అక్కడ చూశాను నేను. నల్లటి మెత్తటి మట్టిలో, తడిసిన నూలుపోగుల్లా తెల్లటి దారాలు. అవి వేళ్ళ చివర్లకి తొడుగులా అల్లుకుని, అక్కడి నుంచి మట్టిలోకి ఎటుబడితే అటు పాకిపోయాయి. ఎంత దూరం పోయాయో చూద్దామని నేను గోటితో గీకబోతే అత్త నా చేతి మీద ఒక్కటి వేసింది.

"తెంపకు. అది సెట్టుకి నీళ్ళు మోస్తాది. వేరు పోలేని సోటికి ఇది పోతాది. ఆకులు వొండిన కూడు సెట్టు దీనికి పెడతాది. ఒకదాన్నొకటి సాకుతున్నాయే అమ్మీ. ఆ పుట్టగొడుగు దీని కాయే."

చాలా ఏళ్ళ తరవాత పుస్తకాల్లో ఇదే చదివాను. ఆ దారాలు ఒక రకం శిలీంధ్రమని, వేరు అందుకోలేని నీటినీ లవణాలనీ మట్టిలోంచి తెచ్చి చెట్టుకి ఇస్తుందని, ఆకులు తయారుచేసిన చక్కెరలో చెట్టు దానికి వాటా ఇస్తుందని, కొన్ని జాతుల చెట్లు ఈ తోడు లేకుండా ఎదగలేవని. పుస్తకానికీ మా అత్తకీ మధ్య తేడా మాటల్లోనే. సంగతి ఒక్కటే.

ఒక్కో చెట్టు కింద కొంచెం కొంచెంగా మట్టి తీసి, తీసినచోట మళ్ళీ ఆకులు కప్పింది అత్త. సంచుల్ని ముందే తడిపింది. తిరుగు రైల్లో ఆగిన ప్రతి స్టేషన్లో నన్ను కుళాయి దగ్గరికి పరిగెత్తించి, చెంబుడు నీళ్ళు తెప్పించి చిలకరించింది. చుట్టూ కూర్చున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

నర్సరీలో ముసలి ఒరియా మాలీ ఒకాయన ఉండేవాడు. మాకందరికీ పెద్ద ఆయనే. మాలీతాత అనేదాన్ని. అత్త అడిగితే ఆయన ఒక మడి ఇచ్చాడు. అడవిమట్టి ఆ ఒక్క మడికే సరిపోయింది. ఆ చలికాలానికి ఆ మడిలో ఆకులు ముదురు ఆకుపచ్చగా, అరచేయంత వెడల్పుగా ఎదిగాయి. పక్క మడుల్లో అదే గింజలు, అదే నీళ్ళు, పసుపచ్చటి పుల్లలు. పనివాళ్ళందరూ దాన్ని "మాసీ మడి" అనడం మొదలుపెట్టారు. మా అత్తని వాళ్ళు మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళు.

మాఘమాసంలో సరస్వతీపూజ దాటాక నర్సరీకి కొత్త ఆఫీసరు బాబు వచ్చాడు. వయసు తక్కువ. పెద్ద చదువు. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. మొదటి రోజే నన్ను చూసి నవ్వి, ఏ క్లాసు చదువుతున్నావని అడిగాడు. మా నాన్న పక్కనుంచి పోతే ముక్కు మూసుకునే ఊళ్ళో, అలాంటి మనిషి నా క్లాసు అడిగాడు. అది నాకు చిన్న విషయం కాదు. ఆయన కంట్లో పడాలని రోజూ ఆయన నడిచే దారిలోనే నిలబడేదాన్ని.

ఒకరోజు ఆయన మాసీ మడి దగ్గర ఆగి, ఇదొక్కటే ఇంత పచ్చగా ఎందుకుందని తనలో తాను అనుకున్నాడు. అత్త నీళ్ళకి పోయింది. నేను ముందుకొచ్చాను. నాకు తెలుసన్నాను. ఒక సంచి చించి, మట్టి విదిలించి, వేళ్ళ మీది తెల్లటి తొడుగు ఆయన ముఖానికి దగ్గరగా పెట్టాను. బెంగాలీలో బూజుని ఛాతా అంటారు. నాకు అంతకంటే మంచి మాట తెలియదు. "బాబూ, ఈ ఛాతాయే చెట్టుకి అన్నం పెడుతుంది" అన్నాను.

ఆయన వెనక్కి తగ్గాడు. జేబులోంచి రుమాలు తీశాడు. ఎక్కడి మట్టి ఇది అని అడిగాడు. నేను రైలు, అడవి, తడి సంచులు అన్నీ గొప్పగా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

మర్నాడు బడి వదిలాక వెళ్ళేసరికి మాసీ మడి పక్కన పెద్ద డ్రమ్ము ఉంది. దాన్నిండా నీలం నీళ్ళు. మైలతుత్తం కలిపిన మందు. సంచులు చించి, వేళ్ళు కుళాయి కింద శుభ్రంగా కడిగి, ఆ నీళ్ళలో ముంచి, మళ్ళీ ఒండ్రులో నాటాలని బాబు ఆర్డరు. నర్సరీ అంతా రోగం అంటుకోకముందే చెయ్యాలట.

అత్త మడి ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆవిడకి బెంగాలీ అంతంతమాత్రం. నన్ను పిలిచింది.

"ఆ బాబుని అడుగు. రోగమొచ్చిన మొక్క పచ్చగుంటాదేటి? రోగం నేని మొక్క పసుపుగుంటాదేటి? అడుగు."

అడిగాను. ఆయన అత్త వైపు చూడలేదు, నన్నే చూసి, "ఈవిడ ఎంతవరకు చదువుకుంది?" అన్నాడు.

అదీ తెలుగులో చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

"సదవనేదని సెప్పు" అంది అత్త. "సూసినానని సెప్పు. నీ సదువుకి కళ్ళుంటే రెండు మడులూ పక్కపక్కనే ఉన్నాయి, సూసుకోమని సెప్పు."

నేను సగమే చెప్పాను. సగం చెప్పినా ఆయన మొహం ఎర్రబడింది. నోంగ్రా మట్టి, నోంగ్రా మనుషులు అన్నాడు. నోంగ్రా అంటే మురికి. ఆ మాట మా నాన్నని అనగా వందసార్లు విన్నాను. ఇద్దరు వచ్చి అత్తని రెక్కలు పట్టుకుని పక్కకి లాగారు. ఆవిడ చీర కొంగు మట్టిలో పడింది. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. పరిగెత్తి ఆ డ్రమ్ము తన్నేయాల్సింది. ఇన్నేళ్ళుగా కలలో తంతూనే ఉన్నాను.

మాలీతాత వేళ్ళు కడిగాడు. తెల్లదారాలు నీళ్ళతో పాటు కాలవలోకి పోయాయి. నీలం నీళ్ళలో మునిగి పైకొచ్చిన వేళ్ళు గోధుమరంగు తీగముక్కల్లా నున్నగా ఉన్నాయి. బాబు వాటిని చూసి, "ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు.

నెల తిరక్కుండా ఆకులు వేలాడాయి. చైత్రం ఎండలకి మాసీ మడి కూడా పక్క మడుల్లాగే అయింది. వానలు మొదలయ్యాక ఎవరో పెద్దమనిషి వచ్చి మొక్కలు నాటాల్సి ఉండగా, ఇవ్వడానికి శాల్ మొక్కలే లేవు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. అనుమతి లేకుండా ఒక కూలిమనిషి రోగాల మట్టి తెచ్చి కలిపిందని, దానివల్లే అన్నీ పోయాయని బాబు రాసిచ్చాడు. ఆ రాతలో మా అత్త పేరు పూర్తిగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉందట. మర్నాటి నుంచి ఆవిడని గేటు లోపలికి రానివ్వలేదు.

నాన్న ఊరుకోమన్నాడు. అత్త ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని యూనియను ఆఫీసుకి పోయింది. గోడ మీద బిగించిన పిడికిలి బొమ్మ. దానికింద బెంచీ మీద, అందరూ దాదా అని పిలిచే యూనియను నాయకుడు టీ తాగుతున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు కూడా. అంతా విని, "మాసీ, నువ్వు రోజుకూలీవి. పర్మనెంటువాళ్ళ కేసులైతే మేం ఎత్తుతాం. అయినా ఆ బాబు కూడా మన మనిషే" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అత్త లేచింది. గుమ్మం దాటాక, "మన అంటే ఎవులే?" అని నన్ను అడిగింది. ఇప్పటికీ ఎవరైనా మైకులో మన అంటే నాకు ఆ ప్రశ్నే వినిపిస్తుంది.

ఆ ఇంటిదారిలోనే నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను. బాబుకి వేళ్ళు చూపించింది నేనేనని, బూజు అన్నది నేనేనని. ఆవిడకి అప్పటికే తెలుసు. రోడ్డు పక్కన ఆపి, కొంగుతో నా ముక్కు తుడిచి, కోపంగానే అంది: "నిజం సెప్పినావు. సెప్పినందుకు ఏడుస్తావేటి? ఇనకుండా సంపినోడు ఏడవాల. ఇంకోపాలి దీనికి ఏడిస్తే ఈపు పగలగొడతాను." అది ఓదార్పు అని నాకు అప్పుడు తెలియలేదు. భయపడి ఏడుపు మానేశాను.

తరవాత అత్త అమ్మతో పాటు గుండీల పనికి కుదిరింది. మొక్కలు ముట్టుకున్న చేతులు, సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడేవి. ఆవిడ మాట తగ్గిపోయింది. రేషను షాపులో కూడా గొడవ పెట్టుకోవడం మానేసింది. నాకు అదే భరించరానిది. ఆవిడ వాటా కోపం కూడా నేనే పెంచుకున్నాను. బడిలో ఎవరు ఒక్కమాట అన్నా మీద పడిపోయేదాన్ని. ఇస్త్రీ చొక్కా కనిపిస్తే పళ్ళు కొరికేదాన్ని.

రెండేళ్ళు గడిచాక ఒక ఆదివారం మాలీతాత మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్త పీట వేసినా కూర్చోలేదు. చెప్పాల్సింది గబగబా చెప్పేశాడు. ఆ రోజు వేళ్ళు కడుగుతూ, బాబు చూడని క్షణంలో పది సంచులు పంపుషెడ్డు వెనక్కి నెట్టేశాడట. అవి కడగనివి, మందు ముంచనివి. రెండేళ్ళలో నా ఎత్తుకి ఎదిగాయట. ఈ మధ్య బాబు వాటిని చూశాడు. ఇవెక్కడివని గద్దిస్తే మాలీతాత భయపడి నిజం చెప్పాడు. బాబు చాలాసేపు వాటి దగ్గర నిలబడ్డాడట. పసిపిల్లాడిలా వేళ్ళు తవ్వి చూశాడట.

"అప్పుడే నోరు విప్పాల్సింది, మాసీ" అన్నాడు ముసలాయన. "పెన్షనుకి దగ్గర్లో ఉన్నాను. భయపడ్డాను."

నేను విరుచుకుపడ్డాను. ఏమన్నానో ఇక్కడ రాయను. తాతవయసు మనిషిని అనకూడని మాటలు. ఆయన తలవంచుకుని విని, చొక్కా జేబులోంచి ఒక మడత కాగితం తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అది ఆఫీసువాళ్ళు అచ్చువేసిన కరపత్రం. అన్ని నర్సరీలకీ పంపుతున్నారట. శాల్ మొక్కలు పెంచే పద్ధతి. ఒండ్రు మట్టిలో అడవిమట్టి కలిపితే వేళ్ళకి మేలుచేసే శిలీంధ్రం అంటుకుని మొక్కలు ఏపుగా ఎదుగుతాయని, ఈ సంగతి తన స్వీయ పరిశీలనలో తేలిందని, కింద బాబు పేరు. మా అత్తని తరిమేసిన కాగితంలో ఆవిడ పేరు ఒక్క అక్షరం పోకుండా రాసినవాడికి, ఈ కాగితంలో ఆ పేరు రాయడానికి జాగా దొరకలేదు.

నేను కోపంగా అత్తకి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. స్వీయ పరిశీలన అన్నచోట ఆగి ఆవిడ మొహం చూశాను. "ఇంకేటి రాసినాడు?" అంది. చదివాను. అడవి నుంచి తెచ్చిన మట్టిని మూడురోజులు ఎండలో బాగా ఎండబెట్టి, సన్నజల్లెడతో జల్లించి కలపాలి.

అప్పుడు లేచింది మా అత్త. రెండేళ్ళుగా చూడని కోపం.

"ఎండబెట్టమన్నాడా? ఎండబెడితే సచ్చిపోతాది కదే! జల్లిత్తే దారమంతా జల్లెట్లోనే ఉండిపోతాది. ఉత్త బూడిదె కలుపుతారేటి అందరూ? కాయితం తే. రాయి."

నేను రాయనన్నాను. దొంగతనం చేసినవాడికి మనం తప్పులు దిద్దిపెట్టాలా, వాడి పద్ధతి నవ్వులపాలు కానీ, అన్ని నర్సరీల్లోనూ మొక్కలు చచ్చి వాడి పేరు మట్టిలో కలవనీ అన్నాను. నిజంగానే అలా జరగాలని కోరుకున్నాను.

"నీ కోపం ఆడి మీద. మొక్కలేటి సేసినాయి నిన్ను?"

"నీ పేరేదీ మరి? నీ పేరు కొట్టేశాడు కదా?"

అత్త గొంతు తగ్గించి, "నాకు సెప్పిన సవర ముసలమ్మ పేరు నాను అడగనే నేదు" అంది. "కొండ దిగి ఇన్నేళ్ళైంది. ఇయ్యాల నువ్వు అడిగినావు కాబట్టి తలపుకొచ్చింది. రాయి ముందు."

బల్ల లేదు మా ఇంట్లో. పీట బోర్లించి దాని మీద రాశాను. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి అదిరి అక్షరాలు వంకర తిరిగాయి, పాళీ రెండుచోట్ల కాగితం చించేసింది. అత్తకి బెంగాలీ చదవడం రాకపోయినా వంకర తెలుస్తుంది కదా. కాగితం చింపేసింది. "ఇది ఆడు సదవడు. సదవనేకపోతే నట్టం ఎవులికి? కోపముంటే ఉండనీ, నాను తీసెయ్యమన్నేదు. మెల్లగా రాయి" అంది. రెండోదీ చింపింది. మూడోసారి ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. అడవిమట్టిని తడి గోనెలో తేవాలి, నీడలో ఉంచాలి, ఎండబెట్టకూడదు, జల్లించకూడదు, తెచ్చిన రెండుమూడు రోజుల్లోనే కలపాలి. ఇవి అత్త చెప్పినవి. చివర్లో ఆవిడ చెప్పనివి రెండు లైన్లు నేను రాశాను. ఈ సంగతి చెబుతున్నది మీరు గేటు బయటికి పంపిన మనిషి అని ఆవిడ పూర్తి పేరు. ఆవిడకి చెప్పింది సీతంపేట కొండల సవర ముసలమ్మ అని.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. గేటు కాపలావాడు అడ్డం వస్తే అత్త వాడి వైపు చూసిన చూపుకి పక్కకి తప్పుకున్నాడు. బాబు టేబులు మీద ఉత్తరం పెట్టాను. చదివాడు. రెండోసారి చదివాడు. అత్త ఎదురుగా నిలబడి ఉంది. లోపల ఏమనుకున్నాడో నాకు తెలియదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కాసేపటికి తలెత్తి, అత్తని కాదు, నన్ను చూసి, "ఎవరు రాశారు? అక్షరాలు బాగున్నాయి" అన్నాడు. అంతే. క్షమించమని లేదు, కూర్చోమని లేదు, పనిలోకి రమ్మనీ లేదు.

బయటికొచ్చాక అత్త అడిగింది ఒక్కటే. "సదివినాడా?" చదివాడన్నాను. "అయితే సాలు" అంది. నాకు చాల్లేదు.

వానల ముందు కరపత్రం మళ్ళీ అచ్చయిందని మాలీతాత కబురు పంపాడు. ఎండబెట్టరాదు, జల్లించరాదు, తడిగానే వాడాలి. నేను రాసిన మాటలే, నా వరసలోనే. కింద పేరు మాత్రం బాబుదే. ఆ ఏడాది నర్సరీల్లో శాల్ మొక్కలు బతికాయని విన్నాను. ఆ తరవాత బాబుకి ప్రమోషను వచ్చి పెద్ద ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మా అత్త మరో పదకొండేళ్ళు గుండీలు కుట్టి, ఒక వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది.

నేను బజ్ బజ్ దగ్గర ఒక బడిలో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెద్దదాన్నైతే కోపం తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఆయన్ని క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. ఇప్పటికీ మా వాడలో ఎవరి పేరు రికార్డుల్లోంచి ఎగిరిపోయినా, ఎవరి రేషను కార్డు అన్యాయంగా కొట్టేసినా, కాగితం పట్టుకుని నా దగ్గరికే వస్తారు. వింటుంటే చేతులు వణుకుతాయి. వణుకు ఆగేదాకా ఆగుతాను. ఆ తరవాత, చదవలేకపోయామని ఎవరూ చెప్పడానికి వీల్లేకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా, మెల్లగా రాస్తాను. అడిగినా అడక్కపోయినా వాళ్ళ పూర్తి పేరు రాస్తాను. ఆ అన్యాయం సంగతి ఎవరు చెప్పగా వాళ్ళకి తెలిసిందో, ఆ మనిషి పేరు కూడా ముందే అడిగి రాసుకుంటాను.